ఉయ్యాల దాకా ఎన్ని అడుగులు

మూడో రోజు పొద్దున లోవకుమారి మంచం దిగేసరికి, మంచానికీ ఉయ్యాలకీ మధ్య గది నాలుగడుగులు పెరిగి ఉంది.

నిన్న ఐదడుగులే. ఇవాళ తొమ్మిది. లెక్కలో పొరబడే మనిషి కాదామె. కాన్పయిన దగ్గర్నుంచీ ఎక్కడ పడుకున్నా, తన పక్కకీ ఉయ్యాలకీ మధ్య ఎన్ని అడుగులో చూసుకోందే కన్ను మూయదు. పుట్టింట్లో రెండు. తునిలో అత్తవారింట్లో మూడు. ఈ దీవికి ఎక్కి వచ్చిన విమానంలో ఒక్కటీ లేదు, పిల్ల ఒళ్ళోనే ఉంది కనక.

ఎర్ర తివాచీ మీద నిన్న పన్నెండు పువ్వులుండేవి. ఇవాళ ఇరవై రెండున్నాయి. కొత్తగా పూసిన పదీ అరికాలికి కాస్త తడితడిగా తగులుతున్నాయి.

తొమ్మిదడుగులూ నడిచి ఉయ్యాల చేరుతుంది. ఏడు నెలల కనకం కుడి పిడికిలి నోట్లో కుక్కుకుని, చప్పరిస్తూ, తల్లికేసి చూస్తుంది. పూర్తి పేరు కనకమహాలక్ష్మి. అంత పేరు పిలిచే ఓపిక ఇంట్లో ఎవరికీ లేదు. లోవ పిల్లని ఎత్తుకుని పాలిచ్చి, బుగ్గన దిష్టిచుక్క సరిచేసి, ఫోను తీస్తుంది.

ఫోను ఎత్తేది ఎప్పుడూ అప్పలనాయుడే. అనకాపల్లి మనిషి. పేకాట మీద మోజున్న వాళ్ళని ఊరూరా పోగుచేసి, టిక్కెట్టూ గదీ తిండీ అన్నీ ఉచితమని చెప్పి, ఈ జూదపు హోటలుకి తీసుకొచ్చేది అతనే.

"ఏటమ్మా, టిఫినేటైనా పంపించీమంటారా?"

"టిఫిను కాదండి. మా గది పొడుగైపోయింది."

"అవునమ్మా. నిన్న దొరబాబుగారు బాగా ఆడేరు."

"గెలిచారా?"

"ఆడేరమ్మా," అంటాడు అప్పలనాయుడు మర్యాదగా. "పోగొట్టుకున్న పెద్దమనుషులకి పెద్ద గది ఇవ్వడం మా హోటలు పద్ధతి. చంటిపిల్లతో మీ చేత సామాను మోయించడం ఎందుకని, ఉన్న గదినే పెంచేం."

"మాకు పెద్దది వద్దండి. ఉయ్యాల దూరమైపోతోంది."

"అందరూ మొదట్లో అలాగే అంటారమ్మా. అలవాటైపోద్ది. ఇడ్లీ పంపించీమంటారా?"

ఇడ్లీ వస్తుంది. వెండి మూతలు, మడతపెట్టిన గుడ్డలు, మూడు రకాల చట్నీలు. ఇంట్లో ఇంత మర్యాద ఆమెకి ఎవరూ చేయలేదు.

ఉయ్యాలని మంచం దగ్గరికి లాగుదామని చూస్తుంది. నాలుగు కోళ్ళూ నేలకి మరలతో బిగించి ఉన్నాయి. సరే, పిల్లనే పక్కలో పడుకోబెట్టుకుందామని పడుకోబెట్టుకుంటుంది. ఒక్క కునుకు తీసి లేచేసరికి కనకం మళ్ళీ ఉయ్యాలలోనే ఉంటుంది, ఒంటి మీద దుప్పటి మడత నలగకుండా. ఆ మడత హోటలు వాళ్ళు వేసే మడత.

అప్పుడే ఆమె మొగుడు దొరబాబు పైకి వస్తాడు. తునిలో అతనికి టెంట్ హౌస్ ఉంది. పెళ్ళిళ్ళకీ పెద్దకర్మలకీ షామియానాలు, కుర్చీలు, వంట గుండిగలు అద్దెకిస్తాడు. మనిషి మంచివాడే. ఎవరింట చావు జరిగినా కబురు పంపకముందే కుర్చీలు పంపుతాడు. చేతికి పేక తగిలితే మాత్రం ఆ మనిషి వేరు.

"పిల్లల్ని హాల్లోకి రానివ్వరంట," అంటాడు మంచం అంచున కూలబడి. "ఇరవై ఒకటి నిండాలంట. నాయుడితో గంట వాదించాను. చివరికి దారికొచ్చాడు. పిల్ల రాకూడదు గాని, చెయ్యి రావచ్చంట."

"చెయ్యంటే?"

"కుడిచెయ్యే. అదే కదా మన అదృష్టం. చేతికి వయసేముంటుందే?"

లోవ ఆలోచిస్తుంది. చేతికి వయసు అడిగినవాళ్ళు ఎవరూ ఆమెకి గుర్తు రారు.

"నిజమే," అంటుంది.

కనకం కుడిచెయ్యి సంగతి మొదలైంది అన్నప్రాసన నాడు. ఐదో నెల వచ్చాక మంచిరోజు చూసి పీట వేశారు. పళ్ళెంలో పుస్తకం, కలం, ఉంగరం, చాకు, పరమాన్నం గిన్నె సర్దారు. పిల్ల దేన్ని ముందు ముట్టుకుంటే ఆ బతుకు బతుకుతుందని పెద్దల మాట. పిల్ల పరమాన్నం మీద పడితే తిండిపోతంటారని, లోవ ముందే కడుపునిండా పాలు పట్టి తీసుకొచ్చింది. ఆ కలం కూడా లోవదే. పదో తరగతి మధ్యలో బడి మానిపించినప్పుడు, సంచితో పాటు అటక ఎక్కిన కలం.

అత్తగారు పళ్ళేనికి హారతి ఇచ్చారు. సరిగ్గా అప్పుడే దొరబాబు చొక్కా జేబులోంచి పేక తీసి, "ఇదీ ఉండనీ, సరదాకి," అని పళ్ళెంలో పడేశాడు. స్నేహితులు ఘొల్లుమన్నారు. హారతి ఇచ్చాక పళ్ళెంలోంచి ఏదీ తీయకూడదన్నారు అత్తగారు. తీయకూడదన్నారు గాని సర్దకూడదనలేదు. అందరూ నవ్వుకుంటున్న సందులో లోవ తన కలం తీసి పేక మీద అడ్డంగా పెట్టింది, ముందు కలమే కనపడేలా.

కనకం పాకుతూ వచ్చింది. ఉంగరం దాటింది, పరమాన్నం దాటింది. కళ్ళు కలం మూత మీద ఉన్నాయి. ఆ మూత మెరుస్తోంది. చెయ్యి చాపింది. కలం దొర్లిపోయింది. పిడికిట్లో ఇస్పేటు ఆసు మిగిలింది.

"నా తల్లే! హస్తవాసంటే ఇదిరా!" అని దొరబాబు పిల్లని పైకెగరేశాడు. ఆ వారం మూడుసార్లు గెలిచాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు పోయినా, గెలిచిన మూడే అతని లెక్క. పిల్ల దేనికోసం చెయ్యి చాపిందో చూసింది లోవ ఒక్కత్తే. చెప్తే హారతి పళ్ళెం కదిపినందుకు అత్తగారు తిడతారు. రేపు చెబుదాంలే అనుకుంది. రెండు నెలలుగా రోజూ అదే అనుకుంటోంది.

ఇప్పుడు దొరబాబు పిల్ల చేతికున్న నల్లపూసల మురుగు తీసి పక్కన పెడతాడు. మణికట్టు పట్టుకుని, పాదు నుంచి దొండకాయ తెంపినంత తేలిగ్గా, చేతిని తీసుకుంటాడు. చుక్క రక్తం రాదు. కనకం కితకితలు పెట్టినట్టు నవ్వుతుంది. తీసిన చోట చర్మం ఆ పిల్ల మడమలాగే నున్నగా ఉంది.

చెయ్యి దొరబాబు అరచేతిలో వేళ్ళు ముడుస్తూ తెరుస్తూ ఉంటుంది.

"ఏసీకి చలేస్తుందండి," అంటుంది లోవ. పసుపుపచ్చ ఊలు తొడుగు తెచ్చి దానికి తొడుగుతుంది. "ఎవరినీ ముద్దులు పెట్టుకోనివ్వకండి. గోళ్ళు తీసి రెండ్రోజులైంది, గీరుకుంటుందేమో చూడండి. నాలుగింటికల్లా తీసుకొచ్చెయ్యండి."

"నాకు తెల్దేంటే! నా కూతురు కాదా?" అని అతను మఖమల్ పెట్టె మూత వేస్తాడు.

ఆ రోజంతా కనకం మాటిమాటికీ పిడికిలి నోట్లో పెట్టుకోబోతుంది. లేని పిడికిలి నోటి దాకా రాదు. నోరు తెరిచి కాసేపు ఎదురుచూసి, మూసుకుంటుంది.

నాలుగింటికి అప్పలనాయుడు పెట్టెని పళ్ళెంలో పెట్టుకుని తెస్తాడు, పక్కన ఒక చాక్లెట్టుతో. బొత్తం పెట్టినంత చిన్న చప్పుడుతో చెయ్యి అతుక్కుంటుంది. దానికి ఎవరిదో అత్తరు వాసన. లోవ సబ్బుతో రెండుసార్లు కడుగుతుంది.

తర్వాత అడుగులు చూసుకుంటుంది. ఏడే. రెండు తగ్గాయి. దొరబాబు గెలిచాడన్నమాట.

ఆమెకి ఎంత సంతోషం కలుగుతుందంటే, తివాచీ మీదే కూర్చుని తలుపులమ్మ తల్లికి మొక్కుకుంటుంది. తుని పక్కన లోవ కొండలో వెలిసిన ఆ తల్లి మీదే తనకి పేరు పెట్టారు. రేపు కూడా గెలిపించు తల్లీ, ఉయ్యాల మూడడుగుల్లోకి వచ్చేస్తే నీ కొండకి నడిచొస్తాను అంటుంది. మొక్కు అయ్యాక ఆమెకి అర్థమవుతుంది, తనూ ఆట మొదలెట్టిందని.

నాలుగో రోజు చెయ్యి వెళుతుంది, వస్తుంది. ముప్పై ఒక్క అడుగులు.

కొత్తగా వచ్చిన జాగా బోసిగా ఉండకూడదని హోటలు వాళ్ళు సామాను సర్దుతారు. ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు, వరసకి పదేసి. ఒకదాన్ని తిరగేసి చూస్తుంది. అడుగున తెల్లరంగుతో "దొరబాబు టెంట్ హౌస్, తుని" అని ఉంది. ఏం పోయిందో అతను చెప్పక్కర్లేదు. పోయినవన్నీ చక్కగా దుమ్ము దులిపి ఇక్కడే పెడుతున్నారు.

ఐదో రోజు వంట గుండిగలొస్తాయి. తన పెళ్ళి బీరువా వస్తుంది, అద్దం మీద అంటించిన బొట్టుబిళ్ళలతో సహా. ఎనభై ఆరడుగులు. పిల్ల ఏడుపు ఆమెని చేరేసరికి సగం చల్లారిపోతుంది. పాలు చేపి జాకెట్టు తడుస్తుంది. ఆమె కుర్చీల వరసల మధ్య నుంచి పరుగెడుతుంది, పెళ్ళిలో తప్పిపోయిన పిల్ల కోసం పరుగెత్తినట్టు.

ఆ మధ్యాహ్నం పిల్లని భుజాన వేసుకుని నడవలోకి వస్తుంది. నడవలో ఒక పెద్దావిడ హోటలు తువ్వాలు పరిచి, షాండిలియర్ వెలుతురులో మినపవడియాలు పెడుతోంది. నరసాపురం ఆవిడ, పేరు వరహాలమ్మ. ఎదుటి గది.

"ఎండ లేకుండా ఎండుతాయాండి పిన్నిగారూ?"

"ఎండవమ్మా. అందుకే రోజూ పెడతాను. కాలక్షేపం."

"మీరొచ్చి ఎన్నాళ్ళైందండి?"

"మూడు రోజుల ప్యాకేజీయే. ఆ మూడో రోజు ఇంకా అవలేదు."

లోవ పక్కన చతికిలబడుతుంది. "మా గది ఎనభై ఆరడుగులైందండి."

"ఓసి పిచ్చిపిల్లా, అదీ ఒక గదేనా! మా గదిలో మంచం దిగితే ఆటో ఎక్కాలి. ఆటోవాడు పోను వస్తాడు గాని, తిరుగు బేరం దొరకదని రానంటాడు." వరహాలమ్మ నవ్వుతూ పిండి చిటికెడు తీసి తువ్వాలు మీద వదులుతుంది. "మా ఆయనకి గెలిచే యోగమే ఉంటే, ఈపాటికి అగ్గిపెట్టంత గదిలో ముగ్గురం ఒకళ్ళ మీద ఒకళ్ళం పడి హాయిగా ఉండేవాళ్ళం."

"మూడో ఆయన ఎవరండి?"

"మా అబ్బాయి. వచ్చినప్పుడు నాలుగేళ్ళు. వాడి మంచం ఆ చివర ఉండిపోయింది. అప్పుడప్పుడు ఫోను చేస్తాడు. మీసాలొచ్చాయంట." ఒక వడియం వంకరగా పడితే దాన్ని వేలితో సరిచేస్తుంది. "నీకొకటి చెప్తాను, చెవిన పెట్టు. మగాళ్ళు పోగొడితే గది అడుగుల్లో పెరుగుద్ది. అడుగుల్లో పెరిగింది నడిచి చేరొచ్చు. నువ్వు లిఫ్టెక్కి కిందికెళ్ళావనుకో, ఇంక అడుగుల్లో పెరగదు. నేను ఆయన్ని భోజనానికి పిలుద్దామని ఒక్కసారి దిగాను."

"మరి ఎందులో పెరుగుద్దండి?"

"ఆ కొలత పేరు నాకు తెలీదమ్మా. నేనూ చదువుకోలేదు."

కనకం ఎడమచెయ్యి చాపి వడియం అందుకోబోతుంది. వరహాలమ్మ పిల్ల ముఖం చూడకుండా తువ్వాలు పక్కకి జరుపుతుంది.

ఆరో రోజు లోవ లేచేసరికి తలుపు పక్కనే తునిలో తమ ఇంటి గడప ఉంది. పోయిన శుక్రవారం తను రాసిన పసుపు అలాగే ఉంది, మూల చిన్న ముగ్గుతో సహా. అంటే ఇల్లు కూడా అయిపోయింది. ఆమె గడపకి దణ్ణం పెట్టుకుని ఉయ్యాల వైపు బయల్దేరుతుంది. మూడు వందల పన్నెండడుగులు.

నాలుగవుతుంది. పెట్టె రాదు. ఐదు కూడా దాటాక ఫోను చేస్తుంది.

"చెయ్యి ఆటలో ఉందమ్మా," అంటాడు అప్పలనాయుడు. "మధ్యలో లేపితే బాగోదు."

"దానికి పాలవేళైందండి."

"చేతికాండి?"

లోవకి కోపం రాదు. కోపానికి కూడా కొంచెం దగ్గర ఉండాలి. ఉయ్యాలలో కనకం మొండిచెయ్యి నోటి దగ్గర పెట్టుకుని, చప్పరించడానికి ఏమీ లేక, కొత్త రకంగా ఏడుస్తోంది. పెద్దవాళ్ళు ఏడ్చినట్టు, శబ్దం లేకుండా.

రేపు చెబుదాంలే అనుకోవడానికి రేపు ఎక్కడుందో ఆమెకి కనిపించదు. చెప్పాలి. పిల్ల ముట్టుకోబోయింది పేకని కాదని చెబితే దొరబాబు ఆట ఆపేస్తాడు. చెయ్యి పట్టుకుని పైకొస్తాడు. ముగ్గురూ ఊరెళ్ళిపోవచ్చు, ఊళ్ళో ఇల్లు లేకపోయినా.

పాలపీకలూ గుడ్డలూ పెట్టుకునే సంచీ అడుగు నుంచి కలం తీస్తుంది. రెండు నెలలుగా అది అక్కడే ఉంది.

పిల్లని ఎత్తుకునే లిఫ్టు దగ్గరికి వెళుతుంది. లిఫ్టు తెరుచుకుంటుంది గాని, పిల్లని చూసి మూసుకోదు. లోపల నిలబడి పది నిమిషాలు ఎదురుచూస్తుంది. లిఫ్టు కూడా ఓపిగ్గా ఎదురుచూస్తుంది.

"పిన్నిగారూ, ఒక్క పావుగంట పిల్లని చూడండి," అని వరహాలమ్మని అడుగుతుంది.

"ఎత్తుకోనమ్మా," అంటుంది వరహాలమ్మ తల ఎత్తకుండా. "ఎత్తుకుంటే మళ్ళీ దించాలి."

లోవ మూడు వందల పన్నెండడుగులూ వెనక్కి నడిచి పిల్లని ఉయ్యాలలో పడుకోబెడుతుంది. కాటుకవేలితో దిష్టిచుక్క ఇంకాస్త పెద్దది చేస్తుంది. "ఇప్పుడే వచ్చేస్తానమ్మా. నీ చెయ్యి తెచ్చేస్తాను," అంటుంది. అదే దారిన మళ్ళీ నడిచి వచ్చి, గడప దాటి, లిఫ్టెక్కుతుంది. లిఫ్టు ఈసారి వెంటనే మూసుకుంటుంది.

కింద హాల్లో కిటికీల్లేవు. గోడల మీద గడియారాలు లేవు, గడియారాల నీడలు మాత్రం ఉన్నాయి. జనం ఆకుపచ్చ బల్లల చుట్టూ కూర్చున్నారు, వడ్డనకి కూర్చున్నంత బుద్ధిగా. మధ్య బల్ల దగ్గర దొరబాబు ఉన్నాడు. గడ్డం బొడ్డు దాకా పెరిగింది. అతని ముందు, ఆకుపచ్చ గుడ్డ మీద, కనకం చెయ్యి ముక్కల మీద వాలి ఉంది. ఊలు తొడుగు తీసి పక్కన పెట్టారు. గోళ్ళు పెరిగాయి.

"ఒసేయ్ లోవా, నువ్వెందుకొచ్చావే? పిల్ల ఒక్కత్తీ ఉందా?" అంటాడు దొరబాబు, తండ్రి అడగవలసినట్టే.

"ఏమండీ, ఒక మాట చెప్పాలి. అన్నప్రాసన నాడు మన పిల్ల పేకని పట్టుకోలేదు. కలం పట్టుకోబోయింది. పేక మీద కలం పెట్టింది నేను. అది దొర్లిపోయి ముక్క చేతికొచ్చింది. ఈ చెయ్యి పేకాట చెయ్యి కాదండి."

ముక్కలు పంచే అమ్మాయి పంచబోయిన ముక్కని గాల్లోనే ఆపుతుంది.

"ఇప్పుడా చెప్పేది?" అంటాడు దొరబాబు. "కుర్చీలు పోకముందు చెప్పొద్దా? ఇల్లు పోకముందు చెప్పొద్దా?"

"అప్పుడు అందరూ నవ్వుతున్నారండి."

"ఎలాగే నమ్మేది?"

"మాటలెందుకండి బాబూ," అంటాడు అప్పలనాయుడు, ఎప్పటినుంచో అక్కడే ఉన్నట్టు. "చెయ్యి ఇక్కడే ఉంది గదా. దాన్నే అడుగుదాం."

అతను బల్ల మీద ఒక పక్క పేక పెడతాడు. రెండో పక్క కలం పెట్టమని లోవకి సైగ చేస్తాడు. లోవ పెడుతుంది. మూత తిప్పి, మెరిసే వైపు పైకి వచ్చేలా పెడుతుంది.

చెయ్యి కాసేపు ఊరుకుంటుంది. తర్వాత వేళ్ళ మీద లేస్తుంది. పాకుతుంది, అచ్చం కనకం పాకినట్టే, కాస్త కుడిపక్కకి ఒరుగుతూ. పేక దగ్గర ఆగదు. కలం దగ్గరికి వెళ్ళి, మూత మీద బొటనవేలు ఆనించి, గట్టిగా పట్టుకుంటుంది.

లోవ గుండె నిండిపోతుంది. నేను చెప్పలేదా అని ఎవరితోనైనా అందామనుకుంటుంది. ఇన్నాళ్ళలో ఆమెకి కలిగిన పెద్ద సంతోషం ఇదే.

"కలం పట్టుకున్నాక కాగితం లేకపోతే బాగోదు గదమ్మా," అంటాడు అప్పలనాయుడు. మర్యాదగా, చప్పుడు కాకుండా, చెయ్యి కిందికి ఒక కాగితం జరుపుతాడు.

చెయ్యి రాస్తుంది. ఆగకుండా, కొట్టివేత లేకుండా, గుండ్రంగా. 'కనకమహాలక్ష్మి.' ఆ హా, ఆ క్ష్మి, ఆ తలకట్లు లోవకి తెలుసు. పదో తరగతిలో మాస్టారు అందరికీ ఎత్తి చూపించిన దస్తూరీ. తనది.

ఆమె వంగి, కాగితం మీద సంతకానికి పైన ముందే అచ్చయి ఉన్నది చదువుతుంది. చదవడం అలవాటు తప్పింది కనక నెమ్మదిగా సాగుతుంది. 'ఇచ్చిన గదిలో, పెరిగినంత మేర, కొలత అడగకుండా, మేము ముగ్గురమూ ఇష్టపూర్వకముగా ఉండిపోవుటకు...'

"ఇది చెల్లదండి," అంటుంది. "మా పిల్లకి ఏడు నెలలే."

"పిల్లకి ఏడు నెలలేనమ్మా. చేతికి వయసుండదు గదా. తమరే నిజమేనన్నారు."

దొరబాబు కాగితం రెండు చేతుల్లోకి తీసుకుని చూస్తాడు. కళ్ళనీళ్ళు గడ్డంలోకి కారిపోతున్నాయి. "ఎంత గుండ్రంగా రాసిందే! మా వంశంలో ఎవడైనా ఇలా రాశాడా! నాది వేలిముద్ర కంటే అధ్వాన్నం." కాగితాన్ని పక్కవాళ్ళకి చూపిస్తాడు. "నా కూతురండి. ఏడు నెలలు."

పక్కవాళ్ళు నిజంగానే మెచ్చుకుంటారు.

"ఇంక లేవండి, పోదాం," అంటుంది లోవ అతని భుజం పట్టుకుని.

"పోదామే. ఈ ఒక్క ఆట." అతను కుర్చీ ముందుకి లాక్కుంటాడు. ఆ కుర్చీ అడుగున అతని పేరే ఉంది. "ఇప్పటిదాకా తప్పు చేత్తో ఆడాం కాబట్టే పోయింది. ఇంక నా చేత్తో ఆడతాను."

అప్పలనాయుడు చెయ్యిని ఊలు తొడుగులో పెట్టి, లోవకి అందిస్తాడు. "దీని పని అయిపోయిందమ్మా. తీసుకెళ్ళండి. టిఫినేటైనా పంపించీమంటారా?"

ఆమె చేతిని జాకెట్టులో దాచుకుని లిఫ్టెక్కుతుంది. అది వెచ్చగా ఉంది. కలం వదల్లేదు. లిఫ్టు వెళ్ళవలసినంత సేపు వెళుతుంది.

నడవలో వరహాలమ్మ లేదు. తువ్వాలు మీద వడియాలు ఎండిపోయి ఉన్నాయి.

లోవ తలుపు తీస్తుంది. మంచం ఉంది, గడప ఉంది. ఆ తర్వాత కుర్చీల వరసలు, తర్వాత గుండిగలు, తర్వాత బీరువా, తర్వాత తివాచీ. తివాచీ మీద పువ్వులు దూరంగా పోను పోను మొక్కలయ్యాయి, ఇంకా పోను పోను పొలాలయ్యాయి. పైకప్పు కింద ఎక్కడో వాన కురుస్తోంది. ఆ వానకి అవతల, ఎక్కడైతే గోడ ఉండాలో అక్కడ, ఒక నల్లచుక్క ఉంది.

చుక్క సన్నగా ఊగుతోంది. అదే ఉయ్యాల.

ఆమె అడుగులు మొదలుపెడుతుంది. ఒకటి, రెండు అంటూ నాలుగు వందల దాకా వెళుతుంది. చుక్క చుక్కగానే ఉంది. వెనక్కి తిరిగి చూస్తే గడప తన కాళ్ళ దగ్గరే ఉంది. వరహాలమ్మకి తెలియని ఆ కొలతకి పేరు ఏమై ఉంటుందా అనుకుంటుంది. పదో తరగతి పూర్తయి ఉంటే, ఆఖరి పాఠంలో అది ఉండేదేమో.

పాలు చేపుకొస్తాయి. ఆమె ఏం చేయాలో తోచక, ఇంట్లో ఎప్పుడూ చేసే పని చేస్తుంది. చూపుడువేలు చాపి, దూరంగా ఉన్న ఆ చుక్కని, పిల్ల బుగ్గన కాటుక సరిచేసినట్టు, మెల్లిగా అద్దుతుంది.

చుక్క వేలికి అంటుకుని వచ్చేస్తుంది.

గది చివర ఇప్పుడు ఏమీ లేదు. లోవ ఊపిరి బిగబట్టి వేలిని కళ్ళ దగ్గరికి తెచ్చుకుంటుంది. వేలికొస మీద కాటుకంత ఉయ్యాల, సన్నగా ఊగుతూ. అందులోంచి దోమ రొద కంటే చిన్న ఏడుపు వినిపిస్తోంది. ఎక్కడ తుడుచుకుపోతుందోనని వేలిని గాల్లో నిలబెట్టి, గడప మీద కూర్చుంటుంది. గడప మీద కూర్చోకూడదంటారు. కూర్చుంటుంది.

చుక్క పెట్టడానికి బుగ్గ కావాలి. బుగ్గ ఆ ఉయ్యాలలోనే ఉంది. అరిచేతిలో కూడా దిష్టిచుక్క పెట్టొచ్చని అమ్మమ్మ చెప్పేది.

జాకెట్టులోంచి చేతిని తీసి, తొడుగు విప్పి, ఒళ్ళో పెట్టుకుంటుంది. బతిమాలి బతిమాలి కలం విడిపిస్తుంది. చిన్ని అరచేతి మధ్యలో, గీతలన్నీ కలిసే చోట, ఆ చుక్కని దించుతుంది.

చెయ్యి వెంటనే పిడికిలి బిగిస్తుంది.

"విప్పమ్మా," అంటుంది లోవ. "కనకం, విప్పమ్మా. అమ్మని కదా." పసిపిల్లల గుప్పిలి బలవంతాన విప్పకూడదు. విప్పితే లోపలున్నది పోతుంది. ఆమె పిడికిలికి ముద్దు పెడుతుంది, రొమ్ముకి హత్తుకుంటుంది. పాలు వేళ్ళ సందుల్లోంచి లోపలికి ఇంకుతున్నాయి. ఒక్క చుక్కా కింద పడటంలేదు.

కాసేపటికి ఏడుపు ఆగుతుంది. ఆమె పిడికిలిని చెవి దగ్గర పెట్టుకుంటుంది. లోపల చాలా పెద్ద గది ఉన్నట్టు గాలి వీస్తోంది. ఆ గాలిలో ఎవరో ఆడమనిషి తివాచీ మీద నడుస్తోంది, అలిసిపోయిన గొంతుతో అడుగులు లెక్కపెట్టుకుంటూ. నాలుగు వందల ఒకటి, నాలుగు వందల రెండు.

ఆ గొంతు లోవదే. ఉయ్యాల వైపు నడుస్తోందో, అవతలికి నడుస్తోందో మాత్రం పిడికిలి బయట నుంచి తెలియడం లేదు.